డ్రైవరమ్మ ఫోటో

ఆ ఊళ్ళో ఫోటోలాయన తెలియనివాళ్ళు లేరు. బడికైనా, బ్యాంకుకైనా, ఉద్యోగానికైనా, ఆఖరికి బస్సు పాసుకైనా అతని స్టూడియోలో స్టూలు మీద కూర్చోకుండా ఎవరికీ పని జరగదు. "గడ్డం కొంచెం పైకి, భుజాలు కిందికి, ఊపిరి బిగబట్టకండి" అంటూ పొద్దుటినుంచీ సాయంత్రం దాకా మనుషుల మొహాలు సర్దడమే అతని వృత్తి. ఓపిక గల మనిషని పేరు. ఏడ్చే పసిపిల్లల్ని నవ్వించడం, నవ్వు ఆపుకోలేని పెళ్ళికొడుకుల చేత మూతి మూయించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

అతని భార్య గూడ్సు బండి డ్రైవరు. బొగ్గు, సిమెంటు, నూనె ట్యాంకులు, ఇనుప రేకులు, ఏది తగిలిస్తే అది లాక్కుపోవడం ఆమె ఉద్యోగం. వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అనేవాళ్ళు. ఆమె తల్లి వాళ్ళతోనే ఉండేది. ముగ్గురి కాపురం. మామూలుగా అల్లుడూ అత్తగారూ ఒక పక్షం, ఇంట్లో లేని డ్రైవరమ్మ ఇంకో పక్షం.

ఒకరోజు స్టూడియోకి వచ్చిన ఒక పెద్దావిడ ఫోటోకి కూర్చుంటూ మాటల్లో, "మీ ఆవిడ ఏం చేస్తుంది బాబూ?" అని అడిగింది.

"గూడ్సు బండి నడుపుతుందండీ."

"రైలా? అంత పొడుగు బండి ఆడమనిషి నడుపుతుందా? ఏదీ, ఒక ఫోటో చూపించు."

అతను ఫోన్ తీసి వెతికాడు. భార్య సముద్రం ఒడ్డున ఉంది, ఎవరిదో పెళ్ళిలో ఉంది, సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉంది. ఇంజన్లో మాత్రం లేదు. పెద్దావిడ "సర్లే నాయనా" అని చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో 'కోతలు కోస్తున్నావులే' అన్న అర్థం అతనికి సూదిలా గుచ్చుకుంది. ఊరందరి మొహాలూ తీసేవాడు, సొంత పెళ్ళాం పనిలో ఉన్న ఫోటో ఒక్కటి తీసుకోలేదు. కుండలు చేసేవాడి ఇంట్లో నీళ్ళు తాగడానికి ముంత లేనట్టుంది అనుకున్నాడు.

అదే సాయంత్రం ఆమెనడిగాడు. "ఒకసారి నన్ను ఇంజనెక్కించు. ఒక్క ఫోటో తీసుకుని దిగిపోతా."

"బయటివాళ్ళు ఎక్కకూడదు."

"నేను బయటివాణ్ణా?"

"ఇంజనుకి బయటివారే" అని ఆమె దిండు మొహం మీద వేసుకుంది. పొద్దున్నే దిగిన డ్యూటీ. పడకగదికి పరదా కడ్డీ ఊడిపోయి చాలా రోజులైంది. పగలు పడుకునే మనిషికి ఆ కిటికీ వెలుతురు కంట్లో కారమే. అది బిగించమని ఆమె చాలాసార్లు చెప్పింది. బిగిస్తాననే అతనూ చాలాసార్లు చెప్పాడు.

సరే, ఎక్కనివ్వకపోతే బయటినుంచే తీస్తాననుకున్నాడు. ఊరి చివర రైలు గేటు దాటాక పట్టాలు పెద్ద వంపు తిరుగుతాయి. అక్కడ బరువు బండ్లు నెమ్మదిస్తాయి. ఇంజను ముందు అద్దం సూటిగా కనబడుతుంది. ఆమె డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా స్టూడియోకి తాళం వేసి, కెమెరా, పొడుగు లెన్సు, ముక్కాలి స్టాండు తన స్కూటరుకి కట్టుకుని వంపు దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ప్యాసింజరు బండి ఆలస్యమైతే ఎంత ఆలస్యమో చెప్పేవాళ్ళుంటారు. గూడ్సుని ఎవరూ పట్టించుకోరు. దారిలో ఏదో స్టేషన్లో పక్క లైన్లోకి నెట్టేస్తే, ముందూ వెనకా వచ్చే బండ్లన్నీ పోయేదాకా అక్కడే. ఇంట్లో అన్నం తిని బయల్దేరిన డ్రైవరమ్మ పది మైళ్ళు కూడా పోకుండా పూటంతా ఎండిపోయేది. ఇక్కడ మొగుడు తుమ్మకంప నీడలో కూర్చుని ఎండిపోయేవాడు.

గేటు దగ్గర డ్యూటీ చేసే ఆయన మాటకారి. మొదట్లో అనుమానంగా చూశాడు, తరవాత జాలిగా చూశాడు, చివరికి కుర్చీ వేశాడు. "ఈసారి వచ్చేది మీ ఆవిడ బండి కాదు సార్, ఎవరో మీసాలాయన" అని ముందే చెప్పేవాడు. మీసాలాయన్ని కూడా తీసేవాడు ఫోటోలాయన. చేతులు ఊరుకోవు కదా. అలా తీయగా తీయగా గూడ్సు బండ్ల మీద ఒక రకమైన మమకారం పుట్టుకొచ్చింది. సాయంత్రపు ఎండలో బొగ్గు వ్యాగన్ల పైన మెరిసే పొడి, నూనె ట్యాంకుల వరస మీద జారిపోయే వెలుతురు, చివరి డబ్బాలో కుర్చీ వేసుకుని కాళ్ళు చాపుకున్న గార్డు. మంచి మంచి ఫోటోలు వచ్చాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని చూసేది.

"బాగున్నాయి నాయనా. మరి మా అమ్మాయేది?"

"వస్తుంది అత్తయ్యా."

"సొంత పెళ్ళాం బండి దొరక్కపోతే ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ తీస్తున్నావా?" అని ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయలు తుంచుకోవడానికి కూర్చునేది.

నడి ఎండాకాలంలో ఒకరోజున మొదటిసారి ఆమె బండి దొరికింది. గేటాయన దూరంనుంచే చెయ్యి ఊపి, "ఇదే సార్, ఇదే" అన్నాడు. ఫోటోలాయన కెమెరా ఎత్తాడు. లెన్సులోంచి చూస్తే బండి నీళ్ళలో నీడలా వంకర్లు తిరుగుతోంది. పట్టాల మీద ఎండ మరిగిపోతోంది. ఇంజను దగ్గరికొచ్చింది. ముందు అద్దం మీద సూర్యుడు పడి, అదంతా ఒకే తెల్లటి పలకలా వెలిగింది. వరసగా నొక్కాడు. ఒక్కదాంట్లోనూ మనిషి లేదు. ఉన్నదల్లా అద్దం, అద్దంలో సూర్యుడు. బండి వెళ్ళిపోయాక కెమెరా పట్టుకుని కంకర మీద అలాగే కూర్చుండిపోయాడు.

"ఎండ తగ్గాక తీయాల్సింది సార్" అన్నాడు గేటాయన.

"బండిని ఎండ తగ్గాక రమ్మను" అన్నాడు అతను. ఓపిక గల మనిషి నోట అంత విసురు రావడం గేటాయనకి కొత్త.

ఎండలు వెనకబడి వానలు పట్టుకున్నాయి. అతను కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడిగి, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని నిలబడేవాడు. లెన్సు లోపల చెమ్మ పట్టేది. తుడిస్తే బయట తడి, తుడవకపోతే లోపల తడి. చెప్పుల నిండా బురద. స్టూడియోకి వచ్చినవాళ్ళు తాళం చూసి తిట్టుకుంటూ పోయేవాళ్ళు. పక్క వీధిలో కొత్తగా ఇంకో స్టూడియో తెరిచారని తెలిసింది. అత్తగారు ఆ సంగతి రోజూ ఒకసారి గుర్తుచేసేది.

ఒక మధ్యాహ్నం జోరు వానలో ఆమె బండి వచ్చింది. ఎండ లేదు, అద్దం మీద మెరుపు లేదు. అద్దం వెనక ఆమె కనబడింది, స్పష్టంగా, కళ్ళు చికిలించి దూరం చూస్తూ. అతను ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఇంటికొచ్చి చూసుకుంటే, నీళ్ళు తుడిచే వైపరు కడ్డీ సరిగ్గా ఆమె మొహానికి అడ్డంగా, కనుబొమ్మ నుంచి గడ్డం దాకా గీత గీసినట్టుంది. తరవాతి ఫోటోలో వైపరు లేదు. ఆమె కిందికి వంగి ఏదో మీట చూసుకుంటోంది. ఆ పై ఫోటోలో సిమెంటు వ్యాగన్లు.

ఆ రోజు ఆమె ఇంటికి వచ్చేదాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. వచ్చీ రాగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "ఇదిగో, ఇక్కడ నువ్వు. ఒక్క క్షణం ముందు నొక్కి ఉంటే... నువ్వైనా కాస్త తల ఎత్తి ఉండొచ్చు కదా. నేను అక్కడ ఉంటానని తెలుసు కదా."

ఆమె తడి జుట్టు తుడుచుకుంటూ ఫోటోని చూసింది, తరవాత మొగుణ్ణి చూసింది.

"మీరున్నారని నాకేం తెలుసు? నేను సిగ్నల్ చూసుకోవాలా, మిమ్మల్ని చూసుకోవాలా?"

"వంపు దగ్గర ఉంటానని చెప్పాగా. రెండుసార్లు ఫోన్ కూడా చేశాను."

"ఇంజన్లో ఫోన్ ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ఇది కూడా చాలాసార్లు చెప్పాను." ఆమె లేచి గదిలోకి పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంట్లో ఉన్నప్పుడు తలెత్తి చూడరు. పట్టాల మీద ఉన్నప్పుడు మాత్రం వానలో తడుస్తూ వెతుక్కుంటారు. ఇదేం చోద్యమో నాకర్థం కాదు."

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎవరికోసం ఇదంతా అని అడుగుదామనుకున్నాడు. ఆలోపే గదిలోంచి మంచం కిర్రుమన్న శబ్దం వచ్చింది. కాసేపాగి తొంగిచూస్తే, ఆమె కిటికీలోంచి వచ్చే వెలుతురుకి అడ్డంగా మోచెయ్యి కళ్ళ మీద వేసుకుని నిద్రపోతోంది. మర్నాడు సుత్తీ మేకులూ తెచ్చి పరదా కడ్డీ బిగించాడు. కోపంగా బిగించాడు గనక మేకు ఒకటి వంకర పోయింది, కానీ కడ్డీ నిలబడింది. ఆమె దాని గురించి ఏమీ అనలేదు. అననందుకు అతనికి ఇంకా కోపం వచ్చింది.

అలా మూతి ముడుచుకుని ఇద్దరూ చలికాలంలో పడ్డారు.

ఆ ఏడు మంచు దట్టంగా పట్టింది. పొద్దెక్కినా వీధి చివర కనబడేది కాదు. గేటు దగ్గర నిలబడితే గేటే కనబడేది కాదు. మామూలు మనిషి ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఫోటోలాయనకి మాత్రం కొత్త ఆశ పుట్టింది. మంచులో అద్దం మీద ఎండ పడదు. వైపరుతో పనిలేదు. తెల్లటి పొగమంచు చీల్చుకుని ఇంజను దీపం, దాని వెనక ఆమె మొహం. ఇంతకన్నా మంచి ఫోటో ఏ కాలంలోనూ రాదు. ఒకటే చిక్కు. ఆ మంచులో మొహం కనబడాలంటే పట్టాలకి బాగా దగ్గరగా నిలబడాలి.

"అంత ముందుకి పోకండి సార్" అని గేటాయన మొదటిరోజే చెప్పాడు. రెండోరోజు కాస్త గట్టిగా చెప్పాడు. మూడోరోజు గేటాయనకి సెలవు. ఆయన స్థానంలో వచ్చిన మనిషి గదిలోంచి బయటికి రాలేదు.

ఆ పొద్దున ఆమె తిరుగు ప్రయాణంలో ఉందని అతనికి తెలుసు. కంకర గుట్ట ఎక్కి, పట్టాల అంచుకి కాస్త ఇవతల నిలబడ్డాడు. ఏమీ కనబడదు. చెవులొక్కటే పనిచేస్తున్నాయి. ముందు పట్టాల్లో సన్నగా జుమ్మన్న మోత పుట్టింది. తరవాత కూత. అతను కెమెరా కంటికి పెట్టుకుని, ఇంకా సరిగ్గా రావడానికి ఒక అడుగు ముందుకు వేశాడు.

పసుపుపచ్చటి ఇంజను దీపం మంచులోంచి ఒక్కసారిగా ఊడిపడింది. కూత ఆగకుండా మోగింది. దాని వెంటే ఇనుము ఇనుముని రాసుకునే అరుపు. అతను వెనక్కి తగ్గబోయి కంకర జారి గుట్ట కిందికి దొర్లాడు. పక్కనే ఎండిన కాలవలో పడి, తల ఎత్తి చూస్తే చక్రాలు నిప్పులు రాలుస్తూ పోతున్నాయి. ఒక వ్యాగను, ఇంకో వ్యాగను, ఇంకోటి. ఎంతకీ ఆగవు. బ్రేకు వేశాక కూడా అంత దూరం పోతుందని అతనికి అప్పటిదాకా తెలియదు. కడకి బండి ఒళ్ళు విరుచుకున్నట్టు పెద్దగా కుదుపిచ్చి ఆగింది.

అతను లేచి నిలబడ్డాడు. మోకాలు గీరుకుపోయింది, అంతే. కెమెరాకేమీ కాలేదు. సిగ్గు లేకుండా ముందు దాన్నే చూసుకున్నాడు. మంచులోంచి పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. ముందు ఇంజన్లో ఆమె పక్కన కూర్చునే అసిస్టెంటు కనబడ్డాడు, చేతిలో ఎర్రజెండా. అతని వెనక ఆమె. పరుగెత్తడం లేదు. కంకర మీద తడబడుతూ నడిచొస్తోంది. చూపు మాత్రం చక్రాల కిందే ఉంది. ప్రతి వ్యాగను దగ్గరా వంగి, కింద చూసి, మళ్ళీ నడుస్తోంది.

"మేడం, ఇక్కడున్నాడు. బతికే ఉన్నాడు" అని అసిస్టెంటు కేకేశాడు. తరవాత మొహం గుర్తుపట్టి నోరు వెళ్ళబెట్టాడు. "అన్నా, మీరా?"

ఆమె ఆగింది. మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. చేతులున్నాయా, కాళ్ళున్నాయా అని లెక్క చూసుకున్నట్టు చూసింది. తిడుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె పక్కకి తిరిగి, వ్యాగను నిచ్చెన పట్టుకుని వాంతి చేసుకుంది. అసిస్టెంటు నీళ్ళ సీసా ఇచ్చాడు. నోరు కడుక్కుని, "దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగింది. పరాయివాణ్ణి అడిగినట్టు అడిగింది.

"లేదు."

ఆమె తలూపి ఇంజను వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ తరవాత జరగాల్సినవన్నీ జరిగాయి. రైల్వే పోలీసులు వచ్చి అతన్ని ఆఫీసుకి తీసుకుపోయారు. పట్టాల దగ్గరికి ఎందుకెళ్ళావని ఒకరి తరవాత ఒకరు అడిగారు. "మా ఆవిడ ఫోటో కోసం" అంటే ఒకాయన నవ్వాడు, ఒకాయన తిట్టాడు, ఇంకొకాయన కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాడు. వెనక వచ్చే బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయట. ఆమెని దింపేసి, వేరే డ్రైవర్ని పంపి బండి తీయించారు. ఆమెని విచారణకి పిలిచారు. డాక్టరు చూసి సరేననేదాకా బండెక్కొద్దన్నారు. తప్పు చేసినవాడు మోకాలికి కట్టు కట్టుకుని స్టూడియో తెరిచాడు, చేయని మనిషి ఇంట్లో కూర్చుంది.

ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. అత్తగారు కూడా చెణుకులు మానేసింది. కంచం పెట్టేది, తీసేది. ఆ నిశ్శబ్దం కంటే ఆవిడ దెప్పిపొడుపే నయమనిపించింది అతనికి. తిట్టరెందుకు అన్న కోపం ఒకవైపు, తిడితే ఏం జవాబు చెప్పాలో తెలియని బెంగ ఇంకోవైపు. లోపల ఏదో మూల, ఆమె బ్రేకు వేసేముందు ఒక్క ఫోటో నొక్కి ఉండాల్సింది అన్న పాడు ఆలోచన కూడా వచ్చేది. వచ్చినప్పుడల్లా తన్ను తనే ఛీ అనుకునేవాడు.

ఒక ఉదయం ఆమె వంటింట్లో గట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. అతను నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు బయటికి రాలేకపోయాడు.

"నేను కాలవ వైపు ఉన్నాను కదా. నాకేం కాలేదు కదా" అన్నాడు. అలా మొదలుపెట్టకూడదని నోట్లోంచి మాట జారాక తెలిసింది.

"నీకేం కాలేదని నాకప్పుడెలా తెలుస్తుంది?" అంది ఆమె. మొగుణ్ణి ఆమె 'నువ్వు' అనడం అతను ఎప్పుడూ వినలేదు. "మంచులో పట్టాల పక్కన మనిషి. ముందుకి అడుగేశాడు. నాకు కనబడింది అంతే. బ్రేకు వేశాక నా చేతిలో ఇంక పనేమీ ఉండదు. కూత వేస్తూ కూర్చోవడమే. చూస్తూ కూర్చోవడమే."

"భయపడ్డావు, నిజమే..."

"ఇది మొదటిసారి కాదు."

అతను బిందె కింద పెట్టాడు.

ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. రెండేళ్ళ కిందట. బొగ్గు బండి. పొలాల మధ్య, పట్టపగలు. ఒక మనిషి పట్టాల మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. పారిపోలేదు. చివర్లో తలెత్తి ఇంజను వైపు చూశాడు. ఇంజను వైపు కాదు, తన వైపు. బండి ఆగేసరికి అతను ఎక్కడో వెనక ఉండిపోయాడు. దిగి చూసిరావాలి, అది డ్రైవరు పని. చూసొచ్చింది. రిపోర్టు రాసిచ్చింది. ఇంటికొచ్చింది.

"ఆ రోజు గుమ్మంలో నన్ను ఏమని అడిగారో గుర్తుందా?" అంది. మళ్ళీ 'మీరు'లోకి వచ్చింది. "డ్యూటీ ఎలా జరిగిందని అడిగారు. మామూలే అన్నాను. సరే అన్నం తిను అన్నారు."

"చెప్పాల్సింది. నాతో కాకపోతే ఎవరితో చెబుతావు?"

"చెబితే ఏం చేసేవారు? ఫోటో తీసేవారా?"

ఆ మాటకి వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, "అమ్మాయ్" అంది మెల్లిగా. ఆవిడకీ ఆ సంగతి అప్పుడే తెలిసిందని మొహమే చెబుతోంది. డ్రైవరమ్మ గ్లాసు కడిగి బోర్లించి లేచి వెళ్ళిపోయింది. ఫోటోలాయన ఆ పూట స్టూడియో తెరవలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తేలక, ఇంటి వెనక పంపు విప్పి, బాగానే ఉన్న వాషరు మార్చి, పంపు కారేలా చేసి, మళ్ళీ పాతదే బిగించాడు.

ఆమెకి తిరిగి డ్యూటీ ఇచ్చేసరికి చలి వెనకబట్టింది. చెట్లు ఆకు రాల్చి చివుళ్ళు తొడుగుతున్నాయి. అతను గేటు వైపు పోవడం మానేశాడు. పోలీసుల దగ్గరినుంచి కెమెరా వచ్చింది, బీరువాలో పెట్టి ఊరుకున్నాడు. ఎక్కడో కూత వినబడితే మాత్రం, ఎవరి గడ్డమో సర్దుతూ ఒక్క క్షణం ఆగేవాడు. ఆ బొగ్గు బండి రోజు సంగతులు ఆమెని మళ్ళీ అడగబోయి, మాటలు కూడక మానుకునేవాడు. ఆమె కూడా ఎత్తలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పడానికి వంగి ఆమే అంది.

"రేపు మధ్యాహ్నం స్టేషన్‌కి రండి. స్టేషన్ మాస్టరుతో చెప్పాను. ప్లాట్‌ఫాం మధ్యలో బెంచీ ఉంది. దాని మీద కూర్చోవాలి. కూర్చునే తీయాలి. లేచి నిలబడ్డారో, నేను మళ్ళీ మీతో మాట్లాడను."

"వద్దులే. ఇప్పుడెందుకు" అన్నాడు అతను.

"మీరు ఎక్కడున్నారో తెలిస్తే నాకు భయం ఉండదు. తెలియకపోతేనే ఉంటుంది. ఇప్పుడు మంచు లేకపోయినా ప్రతి మలుపులోనూ మీరే నిలబడ్డట్టుంటోంది. కూర్చుని కనబడండి, ఒకసారి చూస్తాను."

మర్నాడు అతను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. బడిలో బెత్తం దెబ్బకి భయపడ్డ పిల్లాడిలా కూర్చున్నాడు. అటూ ఇటూ జరగలేదు. ఎంతోసేపటికి దూరాన ఇంజను కనబడింది. చక్కటి వెలుతురు, అద్దం మీద మెరుపు లేదు, వాన లేదు, మంచు లేదు. బండి నెమ్మదిగా స్టేషన్లోకి వస్తోంది. కెమెరా కంటికి ఎత్తాడు. సరిగ్గా అప్పుడు ఎదురు దిక్కునుంచి ప్యాసింజరు బండి మధ్య లైన్లోకి వచ్చి ఆగింది. ఎరువుల బస్తాల గూడ్సు దాని వెనక తాపీగా పోయింది. ప్యాసింజరు కిటికీల్లోంచి ముక్కలు ముక్కలుగా ఇంజను రంగు, దాని కిటికీలో ఒక చెయ్యి కనబడ్డాయి. ఒక కిటికీలో అరటిపండు తింటున్నాయన, తన ఫోటోనే తీస్తున్నారనుకుని జుట్టు సర్దుకున్నాడు. ఫోటోలాయనకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయినా బెంచీ మీదినుంచి లేవలేదు.

మళ్ళీ వారం ఇంకోసారి వెళ్ళాడు. ఆ రోజు మధ్య లైను ఖాళీ. స్టేషన్ మాస్టరు కూడా వచ్చి, "ఈసారి అడ్డం ఏమీ రాదు లెండి" అని పోయాడు. బండి ప్లాట్‌ఫాం లైన్లోనే వచ్చింది, చేత్తో తాకేటంత దగ్గరగా. ఇంజను కిటికీ అతని ముందుకొచ్చింది. నొక్కాడు. కళ్ళు, ముక్కు, చొక్కా గుండీ మీద దారం పోగుతో సహా, స్టూడియోలో కూడా రానంత స్పష్టంగా వచ్చింది. అసిస్టెంటు ఫోటో. కిటికీ మీద మోచెయ్యి ఆనించి, ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాడు. అతని భుజం వెనక, లోపల, అవతలి కిటికీ దగ్గర ఒక వీపు, ఒక జడ.

ఇంటికొచ్చాక ఆ ఫోటో చూసి అత్తగారు నవ్వాపుకోలేకపోయింది. కొన్ని నెలల తరవాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. "కుర్రాడు బాగున్నాడు నాయనా. సంబంధాలకి పనికొస్తుంది" అంది.

డ్రైవరమ్మ స్నానం చేసి వచ్చి అన్నం ముందు కూర్చుంది. అతను కంప్యూటర్ని ఆమె వైపు తిప్పాడు.

"అవతలి వైపు ఎందుకు కూర్చున్నావు?"

"నేనెప్పుడూ ఎడంవైపే కూర్చుంటాను."

"మొన్న ఇవతలి కిటికీలో ఉన్నావే? ప్యాసింజరు సందుల్లోంచి చెయ్యి కనబడింది."

"మొన్న పోతున్నాను. ఇవాళ వస్తున్నాను. బండి తిరిగితే నేనూ తిరుగుతాను కదండీ. పోయేటప్పుడు ప్లాట్‌ఫాం వైపు, వచ్చేటప్పుడు అవతలి వైపు. ఇన్నేళ్ళుగా డ్రైవరు మొగుడై ఉండి ఇది కూడా తెలియదా?"

"నువ్వెప్పుడు చెప్పావు?"

"మీరెప్పుడు అడిగారు?"

ఇద్దరికీ ఒకేసారి గొంతు లేచింది. ఒకేసారి ఆగిపోయారు. అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అతను కంప్యూటర్ మూసేసి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కోపం ఇంకా పోలేదు. ఆ కోపంతోనే అడిగాడు.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఎడంవైపు నువ్వు. ఎదురుగా ఏముంటుంది?"

ఆమె అనుమానంగా చూసింది, ఎగతాళి చేస్తున్నాడేమోనని. తరవాత ఎడంచేత్తో బల్ల మీద చూపించడం మొదలుపెట్టింది. ఉప్పు గిన్నె ఉన్నచోట బండి వేగం పెంచే పిడి, నీళ్ళ చెంబు ఉన్నచోట బ్రేకు. కూతకి ఇక్కడ మీట. సీటు వెనక్కి వాలదు. పెద్ద బండి వెనక నుంచి లాగితే నడుంలో తెలుస్తుంది, ఎక్కడో చివరి వ్యాగను కుదుపు వెన్నుపూసలోకి వస్తుంది. ఆరేసి గంటలైనా దిగడానికి ఉండదు, అందుకని నీళ్ళు తక్కువ తాగుతుంది. అందుకే ఇంటికి రాగానే చెంబెడు నీళ్ళు ఎత్తి తాగేది. అది చూసి అతను ఎప్పుడూ, మెల్లిగా తాగు, పొలమారుతుంది అనేవాడు.

"ఆ మనిషి నిలబడ్డ చోటు" అన్నాడు అతను, ఉప్పు గిన్నె వైపే చూస్తూ. "అటుగా ఇప్పటికీ పోతావా?"

"వారానికొకసారైనా."

"ఏం చేస్తావు అప్పుడు?"

"కూత వేస్తాను. అక్కడ వెయ్యాల్సిన పని లేదు, గేటు లేదు, మలుపు లేదు. అయినా వేస్తాను. అసిస్టెంటు ఎందుకని అడగడు." ఆమె అన్నంలో వేలు ఆడించింది. "చలికాలం పర్లేదు. ఎండాకాలంలో ఇంజను లోపల అసలు ఎలా ఉంటుందంటే..."

ఫోన్ మోగింది. డ్యూటీ పిలుపు. ఎవరో డ్రైవరుకి జ్వరం, అర్జంటుగా రమ్మంటున్నారు. ఆమె అన్నం సగంలో వదిలి లేచింది. బట్టలు మార్చుకుని, పెట్టె అందుకుని, చెప్పులు తొడుక్కుని, "వస్తాను" అని మెట్లు దిగిపోయింది. మొత్తం అయిదు నిమిషాలు పట్టలేదు. అతను బల్ల దగ్గర అలాగే ఉండిపోయాడు, ముందు ఉప్పు గిన్నె, నీళ్ళ చెంబు.

అత్తగారు ఎంగిలి కంచం తీస్తూ, "ఎండాకాలంలో ఇంజన్లో ఎలా ఉంటుందో చెప్పబోయి పోయింది. ఎలా ఉంటుందంటావు?" అని అడిగింది.

"నన్నడక్కండి అత్తయ్యా" అన్నాడు అతను విసుగ్గా. "నాకూ అక్కడిదాకే తెలుసు."